కొన్న ఆట ఎక్కడుంది? గేమ్ లైబ్రరీ పేజీల తీరుతెన్నులు

డిజిటల్ దుకాణంలో ఆట కొనడం రెండు నిమిషాల పని. ధర, తగ్గింపు, రేటింగ్, వీడియో, చెల్లింపు బటన్ అన్నీ చేతికందేలా అమర్చి ఉంటాయి. అదే ఆటను ఏడాది తరువాత తన సొంత లైబ్రరీలో, అంటే కొన్న ఆటలన్నీ ఉండే పేజీలో, వెతుక్కునే మనిషికి ఆ మర్యాద దక్కదు. పేరు సగమే గుర్తుంటుంది. పేజీ నిండా వందలాది బొమ్మలు బారులు తీరి ఉంటాయి. దీన్ని డిజైనర్ల చేతగానితనంగా చూస్తే పొరపాటే. దుకాణం పేజీలో ప్రతి నొక్కుకూ ఆదాయం లెక్క ఉంటుంది. లైబ్రరీ పేజీ మాత్రం డబ్బు చేతులు మారాక మొదలవుతుంది. కాబట్టి దాని మెరుగుదల ఎప్పుడూ వచ్చే ఏడాది పనుల జాబితాలోనే ఉంటుంది.

ఈ మాటకు ఆధారం గేమింగ్ యంత్రాల చరిత్రలోనే ఉంది. నింటెండో 3డీఎస్‌కు 2012లోనే ఫోల్డర్ల సౌకర్యం వచ్చింది. అదే సంస్థ 2017 మార్చిలో స్విచ్‌ను విడుదల చేసినప్పుడు ఆటలను వర్గాలుగా సర్దుకునే వీలు ఇవ్వలేదు. ఆ వీలు 2022 మార్చిలో 14.0.0 అప్‌డేట్‌తో గానీ రాలేదు. సోనీ కథా ఇంతే. ప్లేస్టేషన్ 4లో ఉన్న ఫోల్డర్లు 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5లో కనిపించలేదు. 2022 సెప్టెంబరులో గేమ్‌లిస్ట్ అనే పేరుతో తిరిగి వచ్చాయి, అదీ 15 జాబితాలు, ఒక్కోదానిలో 100 ఆటలు అన్న హద్దుతో. రెండు సంస్థలకూ ఇది కొత్త విద్య కాదు, తమ పాత యంత్రంలో చేసి చూపించిందే. వాయిదా వేసినా అమ్మకాలు ఆగని పని కాబట్టి వాయిదా పడింది.

వ్యక్తిగత కంప్యూటర్ల ప్రపంచంలో పరిస్థితి మరింత చిక్కు. ఇప్పుడు కంప్యూటర్ ఆటల దుకాణమైన స్టీమ్‌ను వాల్వ్ సంస్థ 2003 సెప్టెంబరులో ప్రారంభించినప్పుడు అది ప్రధానంగా సొంత ఆటలకు అప్‌డేట్లు పంపే సాధనం. ఇతర సంస్థల ఆటలు 2005 నుంచి అమ్మకానికి వచ్చాయి. పది పదిహేను పేర్లున్న జాబితాకు ప్రత్యేకమైన డిజైన్ ఎందుకు? అక్షర క్రమంలో పేర్లు రాస్తే సరిపోయేది. తరువాత వేసవి తగ్గింపులు, శీతాకాలపు తగ్గింపులు, పది ఆటలు కలిపి ఒకే ధరకు ఇచ్చే బండిళ్లు వచ్చాయి. 2015లో స్టీమ్ ధరలు రూపాయల్లోకి మారాక మన దేశంలోనూ కొనేవాళ్లు పెరిగారు. 2018 డిసెంబరులో మొదలైన ఎపిక్ గేమ్స్ స్టోర్ అయితే ఏకంగా ఉచితంగానే పంచిపెట్టింది. 2020 మేలో గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5ను ఉచితంగా ఇచ్చినప్పుడు రద్దీకి ఆ దుకాణమే మొరాయించింది. ఇలా పోగైన ఆటల్లో చాలా భాగం పెళ్లిలో చదివించిన స్టీలు సామానులా నేరుగా అటకెక్కాయి. పదిహేను పేర్ల కోసం పుట్టిన పేజీ మీద ఇప్పుడు వెయ్యి పేర్ల బరువు పడింది.

మనిషి ఈ పేజీని ఎందుకు తెరుస్తాడు?

మెరుగుదల గురించి మాట్లాడే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. రంగులు, బొమ్మల పరిమాణం, మెనూ ఎడమనా కుడినా అన్నవి దీని తరువాతి సంగతులు. లైబ్రరీ తెరిచే మనిషి మనసులో సాధారణంగా నాలుగు పనుల్లో ఒకటి ఉంటుంది. నిన్న రాత్రి ఆపిన ఆటను కొనసాగించడం మొదటిది. పేరు తెలిసిన ఒక ఆటను పట్టుకోవడం రెండోది. ఇప్పుడు ఏం ఆడాలో తేల్చుకోవడం మూడోది. డిస్కులో చోటు చేయడం, అప్‌డేట్లు చూసుకోవడం లాంటి ఇంటి పనులు నాలుగోది.

ఈ నాలుగింటికీ కావలసిన పేజీలు వేరు వేరు. కొనసాగించే వాడికి ఒక్క పెద్ద బటన్ చాలు. పేరు తెలిసిన వాడికి బొమ్మలతో పనే లేదు, అక్షరాలు కొట్టగానే దొరికితే చాలు. ఇంటి పనులు చక్కబెట్టుకునే వాడికి బొమ్మలు అడ్డం కూడా. అతనికి పేరు, పరిమాణం, చివరిసారి ఆడిన తేదీ వరుసల్లో ఉండే పట్టిక కావాలి. బొమ్మల గోడ నిజంగా పనికివచ్చేది మూడో వాడికి, అంటే ఏం ఆడాలో తెలియని వాడికి మాత్రమే. విచిత్రం ఏమిటంటే, దాదాపు ప్రతి దుకాణమూ ఆ బొమ్మల గోడనే అందరికీ మొదటి తెరగా చూపిస్తుంది. ప్రకటనల్లోకి తీసే స్క్రీన్‌షాట్లలో అదే అందంగా ఉంటుంది మరి.

2019లో స్టీమ్ చేసిన మార్పు

ఈ విషయంలో అధ్యయనం చేయదగ్గ ఉదాహరణ స్టీమ్ లైబ్రరీ పునర్నిర్మాణం. 2019 సెప్టెంబరులో బీటాగా, అంటే పరీక్షా రూపంగా వచ్చి, అక్టోబరు చివరికి అందరికీ చేరింది. అంతకు ముందు ఎడమవైపు పేర్ల జాబితా, కుడివైపు ఎంచుకున్న ఆట వివరాలు ఉండేవి. కావాలంటే అడ్డంగా ఉండే చిన్న బ్యానర్ల వరుసకు మారవచ్చు. వర్గాలు చేసుకునే వీలుండేది గానీ ప్రతి ఆటనూ చేత్తో పట్టుకెళ్లి అందులో వేయాల్సిందే.

కొత్త రూపంలో ఎడమవైపు జాబితాను అలాగే ఉంచి, కుడివైపు ఒక ముంగిలి పేజీ చేర్చారు. అందులో ఇటీవల ఆడినవి, మిత్రులు ఆడుతున్నవి, మనం ఏర్పరచుకున్న సేకరణలు అరలుగా అమరుతాయి. ఏ అర పైన ఉండాలో, ఏది అసలే వద్దో వాడేవాడే నిర్ణయించుకోవచ్చు. పాత జాబితాను తీసేయకపోవడం ఈ మార్పులోని మొదటి తెలివైన పని. పదేళ్లుగా జాబితాకు అలవాటు పడ్డ చేతిని ఒక్కరోజులో కొత్త దారి పట్టించబోతే తిరుగుబాటు తప్పదు.

అంతకంటే విలువైనది డైనమిక్ కలెక్షన్. ఫిల్టర్‌ను ఒకసారి అమర్చి పేరు పెట్టి దాచుకుంటే, ఆ షరతులకు సరిపోయే ఆటలు వాటంతటవే అందులోకి వచ్చి చేరతాయి. ఉదాహరణకు కంట్రోలర్‌తో నడిచేవి, ఇద్దరు కలిసి ఆడగలిగేవి, ఇంకా ముట్టుకోనివి అని మూడు షరతులు పెడితే, వచ్చే నెల కొన్న ఆట కూడా తగినదైతే అడగకుండానే ఆ అరలో కనిపిస్తుంది. చేత్తో సర్దుకునే వ్యవస్థలన్నీ ఒకే చోట విఫలమవుతాయి. మొదటి వారం ఉత్సాహంగా నూట యాభై ఆటలు సర్దుతారు, ఆ తరువాత కొన్నవన్నీ వర్గం లేని గుట్టగా మిగిలిపోతాయి. ఆ శ్రమను షరతులకు అప్పగించడమే సరైన పరిష్కారం.

అయితే ఆట రకాన్ని బట్టి పెట్టే షరతులు ఆధారపడేది దుకాణంలోని ట్యాగుల మీద, అంటే ఆటకు తగిలించే చిన్న గుర్తుపేర్ల మీద. 2014 నుంచి స్టీమ్‌లో తయారీదారులతో పాటు ఆటగాళ్లూ ట్యాగులు వేస్తున్నారు. ఉమ్మడిగా వేసిన ట్యాగులు దుకాణంలో వెతకడానికి పనికివస్తాయి గానీ, సొంత అల్మారా సర్దుకోవడానికి అంత నమ్మదగినవి కావు. ఇన్ని వేల మంది దేన్నైనా వ్యూహాత్మక ఆట అంటే, కాస్త ఆలోచించాల్సి వచ్చే ప్రతి ఆటా ఆ అరలోకి వచ్చి పడుతుంది. యజమాని తాను వేసుకున్న ట్యాగు ఉమ్మడి ట్యాగును కొట్టివేసేలా ఉండాలి. చిన్న మార్పే, ఫలితం పెద్దది.

ఇక తప్పటడుగులు. ముంగిలి పేజీలో అన్నిటికంటే పైన కొత్త సంగతుల పట్టీని పెట్టారు. ఆ ఆటలో కొత్త పోటీ, ఈ ఆటకు అదనపు భాగం, మరోదాన్లో పండుగ వేడుక. పెద్ద తెరల మీద అది ఒక పట్టీ మాత్రమే. మన దగ్గర చవక ల్యాప్‌టాప్‌లలో చాలాకాలం సర్వసాధారణంగా ఉన్న 1366 × 768 తెర మీద మాత్రం మొదటి చూపులో పెద్ద భాగాన్ని అదే ఆక్రమిస్తుంది. కొనసాగించడానికి వచ్చిన మనిషి కిందికి జరుపుకుంటే గానీ తన ఆట కనపడదు. పట్టీలో ఏం రావాలో తగ్గించుకునే అమరికలు ఉన్నాయి. కానీ పైచోటు ఎవరిదన్న ప్రశ్నకు పేజీ ఇచ్చిన జవాబు ప్రచురణకర్తదే అని. వాడేవాడు అరలన్నిటినీ కదపగలిగి, మొదటి అరను మాత్రం కదపలేకపోవడం డిజైన్ నిర్ణయం కాదు, వ్యాపార నిర్ణయం.

బొమ్మల సంగతీ చెప్పుకోవాలి. కొత్త రూపం నిలువుగా ఉండే 600 × 900 పిక్సెళ్ల ముఖచిత్రాలను కోరింది. అంతకు ముందు వేల ఆటలు అడ్డ బ్యానర్లతోనే విడుదలయ్యాయి. వాటి తయారీదారుల్లో కొందరు అప్పటికే దుకాణం మూసేసి వెళ్లిపోయారు. నిలువు బొమ్మ లేని ఆటకు పాత బ్యానర్‌నే మధ్యలో పెట్టి, పైనా కిందా దాన్నే మసకబార్చి నింపారు. పని జరిగిపోయింది గానీ అరలో అవి అతుకుల బొంతలా కనిపించాయి. వాడేవాళ్లు తమకు నచ్చిన బొమ్మను పెట్టుకునే వీలు ఉండటంతో, స్టీమ్‌గ్రిడ్‌డీబీ అనే సైటులో అభిమానులే నిలువు ముఖచిత్రాలు గీసి పంచుకున్నారు. సంస్థ వదిలేసిన లోటును సమాజం పూడ్చుకుంది. లైబ్రరీ డిజైన్‌లో యజమానికి చొరవ ఇస్తే ఏం జరుగుతుందో ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

1,741 వస్తువులు ఒకేసారి

లైబ్రరీ పేజీ కుప్పకూలే పరిస్థితి ఎలా ఉంటుందో చూడాలంటే ఇచ్ డాట్ ఐఓ 2020 అనుభవం చూడాలి. స్వతంత్ర ఆటల తయారీదారులకు ఆశ్రయమైన ఈ సైటు ఆ ఏడాది జూన్‌లో అమెరికాలో జాతి న్యాయం కోసం నిధులు సేకరించే బండిల్ ఒకటి తెచ్చింది. కనీసం 5 డాలర్లు ఇస్తే, చివరికి 1,741కి చేరిన ఆటలు, పుస్తకాలు, సాధనాలు అన్నీ దక్కుతాయి. ఎనిమిది లక్షల మందికి పైగా కొన్నారు, 80 లక్షల డాలర్లకు పైగా విరాళం పోగైంది.

సమస్య ఆ తరువాత మొదలైంది. ఒక్క కొనుగోలుతో పదిహేడు వందల వస్తువులు లైబ్రరీలోకి దూకితే, అప్పటికే ఉన్న ఆటలు కొట్టుకుపోతాయి. అందుకని సైటు వాటిని లైబ్రరీలో కలపకుండా, బండిల్‌కు వేరే పేజీ ఉంచింది. ఏ వస్తువు దగ్గర డౌన్‌లోడ్ నొక్కితే అది మాత్రం లైబ్రరీలో చేరుతుంది. ఆలోచన సబబే. కానీ ఆ వేరే పేజీ పదుల కొద్దీ పుటలుగా విస్తరించింది. అందులో ఏముందో తెలుసుకోవడమే ఒక పనైంది. కొద్ది రోజుల్లోనే బయటి ప్రోగ్రామర్లు ఆ జాబితాను తీసుకుని తమ సొంత వెతుకులాట పేజీలు, ఏదో ఒక ఆటను యాదృచ్ఛికంగా చూపించే పేజీలు కట్టేశారు.

ఇక్కడి నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. సొంతం కావడం, లైబ్రరీలో కనిపించడం రెండూ ఒకటి కానక్కర్లేదు. కొన్నవన్నీ ఒక నేలమాళిగలో భద్రంగా ఉండవచ్చు. మొదటి పేజీలో కనిపించేవి మాత్రం యజమాని ఒకసారైనా చేయి వేసినవై ఉండాలి. ఎపిక్ ఉచిత ఆటలకూ ఇదే సూత్రం పనికివస్తుంది. ఉచితమని నొక్కి మరచిపోయిన ఆట, మూడు వేలు పెట్టి కొన్న ఆట పక్కన సమాన హోదాలో కూర్చోవడం ఎందుకు? ఎలా వచ్చిందన్న సమాచారం దుకాణం దగ్గర ఎలాగూ ఉంది. దాని మీద ఫిల్టర్ ఇస్తే చాలు. ఇక నేలమాళిగ అంటూ ఒకటి ఉంటే దానికి మంచి వెతుకులాట తప్పనిసరి. అది లేని నేలమాళిగ చెత్తబుట్టతో సమానం.

వెతుకులాట, వరుస

ఆటల పేర్లు సామాన్యమైనవి కావు. మధ్యలో ట్రేడ్‌మార్క్ గుర్తులు, రోమన్ అంకెలు, కోలన్లు, చివర గోల్డ్ ఎడిషన్ లాంటి తోకలు. ఏడో భాగాన్ని వెతికేవాడు 7 అని కొడతాడు, పెట్టె మీద రోమన్ అంకె ఉంటుంది. మూడక్షరాల ముద్దుపేరుతో లోకమంతా పిలిచే ఆట, లైబ్రరీలో మూడు పదాల పూర్తి పేరుతో ఉంటుంది. మంచి వెతుకులాట అంటే గుర్తులను పక్కన పెట్టడం, అంకెల రెండు రూపాలనూ ఒకటిగా చూడటం, మొదటి అక్షరాలతో కొట్టినా పట్టుకోవడం, ఒకటి రెండు అక్షరాలు తప్పినా క్షమించడం. దుకాణంలో లక్ష పేర్ల మధ్య ఇది కష్టమని వాదించవచ్చు. సొంత లైబ్రరీలో వెయ్యి పేర్లే కాబట్టి ఇదంతా కంప్యూటర్‌కు కనురెప్పపాటు పని. ఇంగ్లిష్ పేర్లలో ముందుండే ద అనే పదాన్ని అక్షర క్రమంలో లెక్కించకపోవడం కాగితం క్యాటలాగుల కాలం నుంచి గ్రంథాలయాలు చేస్తున్నదే. పేరులో లైబ్రరీ అని పెట్టుకున్న పేజీలకు ఇంకా కొన్నిచోట్ల అది అబ్బలేదు.

వెతుకులాటలో మరో మొండి సమస్య మరచిపోయిన ఫిల్టర్. నిన్న ఇన్‌స్టాల్ అయినవి మాత్రమే చూపమని నొక్కి వదిలేశారు. ఈరోజు ఒక పేరు కొడితే ఫలితం శూన్యం. ఖాతాలోంచి ఆట మాయమైందని కంగారు పడతారు. చురుకుగా ఉన్న ప్రతి ఫిల్టరూ పేజీ పైభాగంలో పేరుతో సహా కనపడాలి, ఒక్క నొక్కుతో తొలగాలి. ఫలితం శూన్యమైనప్పుడు పేజీ మౌనంగా ఉండకూడదు. ఈ పేరుతో ఒక ఆట ఉంది, కానీ ప్రస్తుత ఫిల్టర్ దాన్ని దాచింది అని చెప్పాలి. దాచిపెట్టిన ఆటల విషయంలోనూ అంతే. ఒక ఆట వివరాలు చూసి వెనక్కు వస్తే పేజీ మళ్లీ మొదటికి ఎగిరిపోవడం దీనికి తోబుట్టువు లాంటి లోపం. నాలుగు వందలవ ఆట దాకా స్క్రోల్ చేసుకుంటూ పోయిన వాడికి ఇది శిక్షే. ఫిల్టర్, వరుస, ఆగిన చోటు మూడూ పేజీ చిరునామాలో లేదా జ్ఞాపకంలో నిలవాలి.

పేజీకి తెలియని సంగతి

ఏం ఆడాలో తేల్చుకోలేని మనిషికి ఇప్పటి లైబ్రరీలు సరిగా సాయం చేయలేకపోవడానికి అసలు కారణం వాటి దగ్గరున్న సమాచారం పేదది కావడం. ఎన్ని గంటలు ఆడారో తెలుసు, చివరిసారి ఎప్పుడు ఆడారో తెలుసు. పూర్తి చేశారా, విసుగెత్తి వదిలేశారా, పరీక్షల తరువాత ఆడదామని పక్కన పెట్టారా అన్నది తెలియదు. నలభై గంటలు ఆడి ముగించిన కథా, నలభై గంటలు ఆడి చివరి యుద్ధంలో చిరాకుపడి వదిలేసిన కథా దాని కళ్లకు ఒకటే.

ప్లేనైట్ అనే ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఈ లోటును సూటిగా పట్టుకుంది. వివిధ దుకాణాల్లోని ఆటలను ఒకే చోటికి తెచ్చే ఈ సాధనంలో ప్రతి ఆటకూ ఆడుతున్నది, ముగించినది, వదిలేసినది, ఆపి ఉంచినది, ఆడాలనుకుంటున్నది వంటి స్థితి ఇవ్వవచ్చు. ఒక్క గడి చేర్చారు, అంతే. దాంతో లైబ్రరీ సరుకుల పట్టీ స్థాయి నుంచి ఆటగాడి దినచర్య స్థాయికి ఎదిగింది. ఆటకు ఎంత సమయం పడుతుందన్నది మరో ఉపయోగకరమైన సంగతి. హౌ లాంగ్ టు బీట్ అనే సైటు ఆటగాళ్లు నమోదు చేసిన సమయాలను పోగుచేస్తుంది. 2022లో మైక్రోసాఫ్ట్ తన కంప్యూటర్ ఎక్స్‌బాక్స్ యాప్‌లో ఆ వివరాలను చూపడం మొదలుపెట్టింది. ఆదివారం సాయంత్రం మూడు గంటల తీరిక ఉన్నవాడికి ఆట శైలి కంటే ముందు తెలియాల్సింది అదే.

స్టీమ్ 2020లో ప్లే నెక్స్ట్ అనే అరను తెచ్చింది. మనం కొని ముట్టని ఆటల్లోంచి, మన ఆట అలవాట్లను బట్టి యంత్రం కొన్నిటిని సూచిస్తుంది. సొంత ఆటల్లోంచే సూచించడం మెచ్చుకోదగ్గ విషయం. దుకాణానికి దానివల్ల పైసా రాదు. కానీ ఎందుకు సూచించారో పక్కనే ఒక వాక్యం లేకపోతే సూచన జాతకంలా ఉంటుంది. ఫలానా ఆట ఎక్కువ ఆడారు కాబట్టి అని ఒక్క ముక్క రాస్తే, నమ్మాలో వద్దో ఆటగాడే తేల్చుకుంటాడు. వద్దనుకున్న సూచనను ఒక్క నొక్కుతో పంపించేసే దారీ ఉండాలి.

గిగాబైట్ల లెక్క

ఇంటి పనుల వైపు వస్తే, మన పాఠకులకు ఇదే అన్నిటికంటే దగ్గరి విషయం. బాల్డర్స్ గేట్ 3 అనే ఆటకు 150 గిగాబైట్ల చోటు కావాలి. రోజుకు 1.5 గిగాబైట్ల మొబైల్ డేటా మీద ఆధారపడే విద్యార్థికి, అంతా దించుకోవాల్సి వస్తే, అది సరిగ్గా వంద రోజుల కోటా. సెకనుకు 40 మెగాబిట్ల బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంట్లో, ఎక్కడా వేగం తగ్గకపోయినా, ఎనిమిది గంటలకు పైనే పడుతుంది. అలాంటి పనికి మెరిసే ఇన్‌స్టాల్ బటన్ ఒక్కటి చూపించి ఊరుకోవడం న్యాయం కాదు. బటన్ పక్కనే డౌన్‌లోడ్ ఎంత, డిస్కులో ఎంత, ఇప్పుడున్న ఖాళీ ఎంత, ఈ వేగంతో ఎంతసేపు అన్నవి కనపడాలి. చోటు చాలకపోతే చాలదని చెప్పి ఆగిపోకూడదు. ఆరు నెలలుగా తెరవని ఈ రెండు ఆటలు తీసేస్తే 90 గిగాబైట్లు వస్తాయి, మీ సేవ్ ఫైళ్లు క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయి అని చెప్పగలగాలి. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిన ఆ సేవ్ పోతుందన్న భయం వల్లే చాలామంది ఆటలను తీసేయరు. ఏ ఆటకు క్లౌడ్ సేవ్ ఉందో, దేనికి లేదో తీసేసే చోటే చెప్పడం కనీస మర్యాద.

అప్‌డేట్లు రాత్రిపూట మాత్రమే జరిగేలా, వేగానికి హద్దు ఉండేలా అమర్చుకునే సౌకర్యం స్టీమ్‌లో ఎప్పటి నుంచో ఉంది. సెట్టింగుల లోతుల్లో ఉంది. ఇంట్లో ఒకరు ఆన్‌లైన్ తరగతి వింటుంటే మరొకరి ఆట నలభై గిగాబైట్లు లాగడం మొదలుపెట్టినప్పుడు, ఆ లోతుల్లోకి వెళ్లే తీరిక ఎవరికి ఉంటుంది? ఆ మీట డౌన్‌లోడ్ పట్టీ మీదే ఉండాలి.

పేజీ సొంత బరువు మాట కూడా. వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ మూడు హద్దులు చెప్పాడు. సెకనులో పదో వంతు లోపు జవాబు వస్తే తక్షణం అనిపిస్తుంది, ఒక సెకను దాకా ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే మనసు వేరే పనికి మళ్లుతుంది. వెయ్యి నిలువు బొమ్మలను ఒకేసారి గీయబోయే పేజీ రెండో హద్దును సులువుగా దాటేస్తుంది. తెర మీద కనిపించే బొమ్మలనే గీయడం, తెరకు సరిపోయే చిన్న ప్రతులను పంపడం, బొమ్మ రాకముందే దాని చోటును ఖాళీగా పట్టి ఉంచడం ఇవన్నీ వెబ్ ప్రోగ్రామర్లకు తెలిసినవే. చివరిది చేయకపోతే, నొక్కబోయిన ఆట జారిపోయి పక్క ఆట తెరుచుకుంటుంది.

చేతిలో కంట్రోలర్, కళ్లకు తెలుగు

2022 ఫిబ్రవరిలో చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ యంత్రం విడుదలయ్యాక లైబ్రరీ పేజీ ఏడు అంగుళాల, 1280 × 800 తెర మీదికి దిగింది. మౌస్ లేదు, కీబోర్డు లేదు. కర్సర్‌ను బొమ్మ మీద ఆనిస్తే కనిపించే బటన్లన్నీ ఇక్కడ నిరుపయోగం. అక్షరం అక్షరం ఏరుకుంటూ కొట్టాలి కాబట్టి వెతుకులాట ఖరీదైన పని. అందుకే అరల క్రమం, ఇటీవల ఆడినవి మొదట రావడం ఇక్కడ రెట్టింపు ముఖ్యం. డెక్ మీద ఏ ఆట ఎంత బాగా నడుస్తుందో నాలుగు స్థాయుల గుర్తులతో లైబ్రరీలోనే చూపడం వాల్వ్ చేసిన మంచి పని. ఈ యంత్రంలో ఇది నడుస్తుందా అన్న ప్రశ్నకు సాధారణ కంప్యూటర్ల లైబ్రరీలు చాలావరకు సూటిగా జవాబివ్వవు. పాత గ్రాఫిక్స్ కార్డుతో నెట్టుకొచ్చే మన కుర్రాళ్లకు కావలసింది సరిగ్గా ఆ జవాబే.

చూపు మందగించిన వారికోసం అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని, వేళ్లు తిన్నగా కదలని వారికోసం నొక్కే చోట్లు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి. ముదురు బూడిద మీద లేత బూడిద రాతను ఇష్టపడే గేమింగ్ పేజీలు మొదటి నియమం దగ్గరే తడబడతాయి.

స్టీమ్ మెనూల భాషల జాబితాలో థాయ్, వియత్నామీస్ ఉన్నాయి గానీ తెలుగు లేదు. రేపు ఎవరైనా చేర్చాలనుకుంటే ముందుగా తేల్చుకోవాల్సింది అక్షరాల చోటు. ఒత్తులు కిందికి, గుణింతాలు పైకి పోయే లిపికి ఇంగ్లిష్ కోసం కోసిన వరుస ఎత్తు చాలదు. క్ష్మ కింది సగం బటన్ అంచులో తెగిపోతుంది. పొడవైన పేరును కత్తిరించేటప్పుడు కంప్యూటర్ సంకేతాల లెక్కన కోస్తే అక్షరం మధ్యలో విరిగి పొల్లు వేలాడుతుంది. అక్షరాన్ని అక్షరంగా లెక్కించే పద్ధతులు యూనికోడ్ ప్రమాణంలోనే ఉన్నాయి, వాడుకోవడమే మిగిలింది.

ఇంట్లో అందరికీ ఒకే కంప్యూటర్ ఉన్నచోట 2024లో వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్ పనికివస్తుంది. ఆరుగురి దాకా ఆటలు పంచుకోవచ్చు, ఎవరి సేవ్ వారిదే. దాంతో కొత్త సమస్యా వచ్చింది. అన్న కొన్న మూడు వందల ఆటలు చెల్లెలి లైబ్రరీలోకి వచ్చి చేరితే, ఏది తనదో ఏది అరువుదో ఒక్క చూపులో తెలియాలి.

మూతపడిన ఆటలు

లైబ్రరీ పేజీ నిజాయితీకి అసలు పరీక్ష ఆట చచ్చిపోయినప్పుడు ఎదురవుతుంది. యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లు 2024 మార్చి 31న ఆగిపోయాయి. ఒంటరిగా ఆడే భాగం కూడా సర్వర్ల మీదే ఆధారపడింది కాబట్టి మొత్తం ఆటే పోయింది. ఆ తరువాత కొన్నవాళ్ల లైసెన్సులను కూడా సంస్థ రద్దు చేసింది. ఆటను వెతుక్కుంటూ వచ్చిన వారికి అది ఇక అందుబాటులో లేదన్న సందేశంతో పాటు, దుకాణంలో మరో సాహసం చూసుకోమన్న సలహా కూడా కనిపించింది. డబ్బు పోయిన మనిషికి మరో సరుకు చూపించడం ఏ ఊరి అంగడిలోనూ మర్యాద అనిపించుకోదు. ఇది పెద్ద ఉద్యమానికి దారితీసింది. ఆ ఏడాదే కాలిఫోర్నియా ఒక చట్టం తెచ్చింది. డిజిటల్ సరుకును కొంటున్నప్పుడు దక్కేది లైసెన్సు మాత్రమేనని దుకాణాలు స్పష్టంగా చెప్పాలంటుంది, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

చట్టం మాట్లాడింది కొనే పేజీ గురించి. లైబ్రరీ పేజీ గురించి ఎవరూ అడగలేదు. అక్కడ చూపదగ్గవి చాలా ఉన్నాయి. ఈ ఆట దుకాణంలోంచి తీసేశారు కానీ మీరు ఇంకా దించుకోవచ్చు. ఈ ఆట నడవాలంటే ఇంటర్నెట్ తప్పనిసరి. ఈ ఆట సర్వర్లు ఫలానా తేదీన ఆగిపోతాయి. మూడో సంగతిని ఏ ప్రకటనలోనో, ఈమెయిల్‌లోనో చెప్పి వదిలేస్తున్నారు. ఆట ముఖచిత్రం మీదే ఆ తేదీ ఉంటే, కొన్నవాడు ఆఖరి వారంలోనైనా తెరిచి చూసుకునేవాడు. కొత్త సంగతుల పట్టీకి తెర పైభాగం ఇవ్వగలిగిన పేజీకి దీనికి చోటు లేదనడం కుదరదు.

కొలిచే తీరు

బాగుపడిందో లేదో కొలవడంలోనూ దుకాణపు అలవాటు అడ్డొస్తుంది. దుకాణంలో మనిషి ఎంతసేపు తిరిగితే అంత మంచిది. లైబ్రరీలో అది తలకిందులు. పేజీ తెరిచిన క్షణం నుంచి ఆట మొదలయ్యే దాకా పట్టిన సమయం తగ్గాలి. వెతికి ఏమీ తెరవకుండా మూసేసిన సందర్భాలు తగ్గాలి. తెరిచిన ఆటను ఐదు నిమిషాల్లో మూసి మరోటి తెరవడం తగ్గితే, సూచనలు బాగుపడ్డాయని అర్థం.

పరీక్షించే ఖాతా కూడా ముఖ్యమే. డిజైన్ చిత్రాల్లో లైబ్రరీకి ఎప్పుడూ పన్నెండు ఆటలే ఉంటాయి, పన్నెండింటికీ అద్భుతమైన ముఖచిత్రాలు ఉంటాయి, పేర్లన్నీ రెండేసి పదాలే. నిజమైన పరీక్షకు కనీసం పదిహేను వందల ఆటల ఖాతా కావాలి. అందులో మూడో వంతుకు నిలువు బొమ్మ ఉండకూడదు, ఒకే ఆట నాలుగు ఎడిషన్లుగా ఉండాలి, కొన్ని పేర్లు జపనీస్‌లో ఉండాలి, పది ఆటలు దుకాణంలోంచి తొలగినవై ఉండాలి, ఇంటర్నెట్ తీగ పీకేసి ఉండాలి. ఆ స్థితిలో నిన్న ఆపిన ఆట ఎన్ని నొక్కులకు దొరుకుతుందో లెక్కపెట్టాలి.